బల్లకు దూరంగా పదేళ్ళు

“అర పేజీ చాలమ్మా. ఎక్కువొద్దు. ఆమెకాడ పని నేర్చుకున్నదానివి, నీకంటే బాగా ఎవరు రాస్తారు?” అన్నాడు మా సంఘం కార్యదర్శి. వరసకు నాకు బాబాయి. పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద నన్ను ఆపి, చేతిలో ఒక తెల్లకాగితం పెట్టాడు. టీచరక్క జ్ఞాపకార్థ కూడికకు చిన్న పుస్తకం వేస్తున్నారట. పాస్టరు అయ్యగారి ప్రార్థన, పెద్దల సందేశాలు, ఆమె జీవితం మీద అర పేజీ. “మొదటి వాక్యం మేమే అనుకున్నాంలే. ‘మన సంఘం ప్రోత్సాహంతో అడవిబిడ్డల మధ్య సేవకు వెళ్ళిన ధన్యురాలు’ అని ఎత్తుకో. తక్కింది నీ ఇష్టం.”

ప్రోత్సాహం! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మోకరిస్తే ప్రార్థన రావడం లేదు, కోపం వస్తోంది. కోపంతో మోకరించకూడదని ఆదివారపు బడిలో నేర్చుకున్నదాన్నే. కానీ దేవాలయంలో బల్లలు తిరగదోసిన ప్రభువునే గదా మేము కొలిచేది. ఆయనకు నా కోపం కొత్త కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. వాళ్ళ పుస్తకం మీద పెద్ద అక్షరాల్లో వేస్తారు, అది చాలు. మాకందరికీ ఆమె టీచరక్క.

పొట్టి మనిషి. తెల్ల నూలుచీర. కొప్పులో ఎప్పుడూ ఒక బలపం గుచ్చి ఉండేది. ఏది అడిగినా వెంటనే జవాబిచ్చేది కాదు. ఎడమ అరచేతిని కుడిచేత్తో ఒక్కసారి తుడిచేది, పలక తుడిచినట్టు. ఆ తర్వాతే మాట. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా అంతే. ఎందుకక్కా అట్ల అంటే, “మనం అడిగేలోపలే బుర్రలో ఏదో రాసుంటాది గదనే. అది తుడవకుండా దాని మీదనే ఇంకోటి రాస్తే ఏం కనబడతాది?” అనేది.

ట్రైనింగు ముగించాక ఆమెకు దొరికిన మొదటి పని మార్కాపురం మిషను బంగళాలో దొరసానికి తెలుగు చెప్పడం. రెండేళ్ళు చెప్పింది. ఆ రెండేళ్ళ గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే ఆమెకు నచ్చేది కాదు. “దొరసానికి ముందుగా వచ్చిన మాటలేందో తెల్సా మీకు? రా, పో, తే, తుడువు. ‘మీ అమ్మ పేరేంది’ అనడం అన్నిటికంటే ఆఖర్న వచ్చింది. తప్పు ఆమెది కాదు. నేర్పింది నేను. కొత్తచోటికి పోయినోళ్ళకు ముందు ఏ మాట రావాల్నో నాకే తెలీలా.”

ఆ తప్పు ఆమెను నిద్రపోనివ్వలేదనుకుంటాను. దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ కోస్తాలో ఒక పెద్ద బోర్డింగు బడికి సిఫారసు ఉత్తరం రాసిచ్చింది. జీతం, ఉండడానికి ఇల్లు, పైన ఫ్యాను. టీచరక్క ఆ ఉత్తరాన్ని మడిచి పెట్టెలో పెట్టి, దోర్నాల పైన అడవిలో ఉన్న చెంచు గూడేనికి వెళ్ళి బడి పెడతానంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్ళు. ఊరూరా బడి అని సర్కారు చెబుతోంది గాని, ఆ చెప్పింది దోర్నాల చెక్‌పోస్టు దాటలేదు. “ఏం నేర్పుతావు వాళ్ళకి?” అని అయ్యగారు అడిగారు. టీచరక్క అరచెయ్యి తుడుచుకుంది. “నేర్పడం ఎట్లనో నేర్చుకుంటానండీ.”

ఆమెను పంపింది సంఘమే. అందులో అబద్ధం లేదు. మా పేటలో ఆడవాళ్ళు ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. పిడికెడు బియ్యం అని పేరే గాని, మా ఇళ్ళలో అవి జొన్నలో కొర్రలో. ఆదివారం ఆ కుండలన్నీ చర్చికి వస్తాయి. ఆ గింజలు టీచరక్కకు అని సంఘం తీర్మానించింది. నెలకొకసారి, బల్ల ఉన్న ఆదివారం, అంటే ప్రభువు రొట్టె, పాత్ర మాకు పంచే ఆదివారం, ఆమె మార్కాపురం వచ్చేది. బల్లలో పాలుపంచుకుని, గింజల మూట తీసుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది.

పోతూ పోతూ పలకల దుకాణాల దగ్గర ఆగేది. మా ఊళ్ళో పలకలకేం కొదవ! కోతలో మూలలు విరిగి, చట్రానికి పనికిరాక పారేసిన ముక్కలు ఏరి గోనెసంచిలో వేసుకునేది. “ఏందమ్మా, ఇల్లు కడతావా?” అని పనివాళ్ళు నవ్వేవాళ్ళు. గూడెంలో మొదటి నెల ఆ పలకల మీద పిల్లలు రాయలేదు. వాళ్ళ నాయనలు బాణం ములుకులు నూరుకున్నారు. వేరేవాళ్ళయితే ఏడ్చేవాళ్ళు. టీచరక్క ఆ సంగతి చర్చిలో సాక్ష్యంగా చెప్పింది. “బాగా తెగుతా ఉండాయంట ములుకులు. మన పలక వాళ్ళకు ముందు అట్ల పనికొచ్చింది. మంచిదే గదా” అంటే ఆడవాళ్ళం పకపకా నవ్వాం. మగవాళ్ళు నవ్వలేదు. బాప్తిస్మం సంగతి ఎప్పుడు చెబుతుందా అని చూస్తున్నారు.

ఆమె బడి పద్ధతి బేరం లాంటిది. తాను ఒక అక్షరం చెబితే పిల్ల తనకొక గడ్డ పేరు చెప్పాలి. చెప్పడమే కాదు, తవ్వి చూపించాలి. ఏది ఉడకబెట్టి తినాలి, ఏది ఏటినీళ్ళలో నానేస్తే గాని చేదు పోదు, అన్నీ. అచ్చులు పూర్తయ్యేసరికి ఆమెకు అడవిలో ఆకలి లేకుండా పోయింది. “ఇద్దరం పంతుళ్ళమే, ఇద్దరం పిల్లలమే” అనేది.

ఆ ఏడు నేను ట్రైనింగు ముగించి ఇంట్లో కూర్చున్నాను. కోస్తాలోని ఆ బోర్డింగు బడి నుంచే నాకూ ఉత్తరం వచ్చింది. మా నాయన సంఘపెద్ద. ఆ ఉత్తరాన్ని పేటంతా చూపించుకుని వచ్చాడు. టీచరక్క మాత్రం, “అది మంచి బడేనే. నువ్వు లేకపోయినా నడుస్తాది. నువ్వు లేకపోతే నడవని బడేదో చూసుకో” అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. వెళ్ళాలని ఉంది, వెళ్ళే ధైర్యం లేదు.

అప్పుడొచ్చింది కోతల పండుగ.

కోతల పండుగకు మా వాళ్ళు తమకొచ్చిన పంటలో మొదటి భాగం చర్చికి తెస్తారు. జొన్నకంకులు, కందులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ ప్రసంగపీఠం ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వేలం. టీచరక్క ఆ రోజు గూడెం పెద్ద అంకన్నను వెంటబెట్టుకుని వచ్చింది. అతని చేతిలో ఒక సొరబుర్ర, నిండా కొండతేనె. అంకన్న దాన్ని గుమ్మడికాయల పక్కన పెట్టి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వేలంలో తేనెను మా నాయనే పాడుకున్నాడు.

మధ్యాహ్నం అయ్యగారికీ పెద్దలకూ మా ఇంట్లోనే భోజనం. అమ్మ జొన్నరొట్టెలు కాల్చింది. రొట్టెకు తేనె అద్దుకుని అందరూ తింటున్నారు. అయ్యగారు వేలు నాకుతూ, “దేవుడిస్తానన్న కనాను దేశంలో తేనె పారిందంటే ఇట్లాంటిదే అయ్యుంటుంది” అన్నారు. నాయన మంచి హుషారులో ఉన్నాడు. అరుగు కింద కూర్చున్న అంకన్నను పిలిచాడు.

“అంకన్నా, ఎట్ల తీస్తారబ్బీ ఈ తేనె? కొండ అంచున ఉంటాది గదా.”

“తాడు గట్టుకుని దిగుతాం అయ్యా. పైన ఒగడు పట్టుకుంటాడు.”

“ఎవరు, నీ తమ్ముడా?”

అంకన్న తల అడ్డంగా తిప్పాడు. “తమ్ముడు ఒద్దు. బామ్మర్ది పట్టుకోవాల. తమ్ముడైతే నేను పడితే నా పెండ్లాన్ని తెచ్చుకుందామనుకుంటాడేమో! బామ్మర్ది అట్లగాదు. వాళ్ళక్క ముండమోస్తాదని పానం బోయినా వదలడు.”

పెద్దలంతా విరగబడి నవ్వారు. అంకన్న కూడా నవ్వి టీచరక్క వైపు తిరిగాడు. “నీకు అన్నదమ్ములు లేరంటివి. నీ తాడు ఎవురు పట్టుకున్నారమ్మా?”

టీచరక్క అరచెయ్యి తుడుచుకోకుండా జవాబు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. భోంచేస్తున్న పెద్దల వైపు చెయ్యి చూపి, “వీళ్ళే. వీళ్ళు పట్టుకున్నారు గాబట్టే నేను దిగినా” అంది.

నాయన ఇంకో రొట్టె అందుకుంటూ, “దిగినాక ఏం చేస్తారు?” అన్నాడు.

“మొదటి ముక్క లింగమయ్యకు పెడతాం. ఆయనకు పెట్టినాకనే మనుసులకు. మీకు తెచ్చిన తేనెగ్గూడ పెట్టినాంలే అయ్యా, బయపడొద్దు” అన్నాడు అంకన్న. తేనె మంచిదని, ఎవరికీ ఏ హానీ చెయ్యదని భరోసా ఇస్తున్నాడు పాపం.

నాయన చేతిలో రొట్టె ఆగిపోయింది. పెద్దల్లో ఒకాయన వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మాడు. అయ్యగారి వేలు ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని బయటికి తియ్యాలో మింగాలో ఆయనకు తెలియలేదు. అన్యదేవతకు పెట్టింది తిన్నారు, అదీ దేవుని పీఠం ముందు పెట్టి, వేలం పాడి, ప్రార్థన చేసి మరీ. నవ్వాల్సిన సంగతి. ప్రార్థించుకుని మర్చిపోవాల్సిన సంగతి. కానీ తాము ఉమ్మిన ఉమ్మికి ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోవాలి గదా.

“నీకు తెలుసా ఈ సంగతి?” అన్నాడు నాయన టీచరక్కతో.

“తెలుసు.”

“తెలిసీ తెచ్చినావా?”

అరచెయ్యి తుడుచుకుంది. “వాళ్ళు దేవుడనుకున్నవాడికి పెట్టి, మిగిలినదాంట్లో మంచిది మనకు తెచ్చినారు చిన్నాయనా. మీరు పొద్దున పెట్టిన జొన్నలు ఎవరి పొలంలోవి? మన పేటకు పొలాలేడివి! కూలికి కోసిన రెడ్డిగారి చేలోవే గదా. కొడవలి పెట్టకముందు ఆ చేలో ఊరి దేవతకు మేకను కోసి, ఆ నెత్తురు కలిపిన పొలి చల్లలేదా? ఆ పొలి కూడు చల్లింది మనోళ్ళు కాదా? ఆ జొన్నలు తెచ్చినప్పుడు ఎవరూ ఉమ్మలా.”

నాయన రొట్టె పళ్ళెంలో పడేసి చెయ్యి కడుక్కున్నాడు. అబద్ధమైతే అక్కడే కాదనేవాడు.

మరుసటి బల్ల ఆదివారం, ఆరాధనకు ముందు సంఘకూడిక పెట్టారు. ఆమెను ముందుకు పిలిచి నిలబెట్టారు. మూడు మాటలు అడిగారు. తప్పయిందని అందరి ముందు ఒప్పుకుంటావా? ఇకమీదట గూడెంవాళ్ళ చేతి తిండి ముట్టకుండా నీ వంట నువ్వు వండుకుంటావా? బాప్తిస్మానికి ఒప్పుకున్నవాళ్ళ పిల్లలకే బడి చెబుతావా? కాదంటే బల్లకు దూరం. గింజలూ ఆగిపోతాయి.

ఆమె చాలాసేపు అరచెయ్యి తుడుచుకుంది. తర్వాత మెల్లగానే మాట్లాడింది. “మన తాతలు ఈ బల్ల కాడికి ఎందుకొచ్చినారయ్యా? వాళ్ళ చేతి నీళ్ళు ఊళ్ళో ఎవరూ తాగలేదు. ఇక్కడ ఒక్క పాత్రలో అందరూ తాగొచ్చన్నారు, అందుకొచ్చినారు. ఇప్పుడు నన్ను పోయి, ఇంకొకరి చేతి కూడు తిననని చెప్పమంటారా? అది చెప్పినాక నేను వాళ్ళకు ప్రభువు గురించి ఏం చెప్పాల? నా నోట్లో ఇంకేం మిగుల్తాది?”

“జవాబు చెప్పు, ప్రసంగం చెయ్యొద్దు” అన్నాడు నాయన.

“జవాబే చెప్పినా.”

మా సంఘంలో ఏదైనా చేతులెత్తి తేల్చాలి. దూరం పెట్టాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు అయ్యగారు. మగవాళ్ళ వైపు చేతులు లేచాయి. ఆడవాళ్ళ చాపల మీద, ఎవరి మగవాళ్ళను చూసి వాళ్ళు, ఒక్కటొక్కటే లేచాయి. అమ్మ తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. నా చెయ్యి మోచేతి దాకా లేచి ఆగింది. నాయన నా వైపు చూశాడు. పూర్తిగా ఎత్తాను.

దాన్ని ఏ మాటతోనూ తక్కువ చెయ్యను. చిన్నదాన్నని, భయపడ్డానని చెప్పను. ఎత్తాను.

ఆ వెంటనే బల్ల జరిగింది. ఆమె లేచి వెళ్ళలేదు. చివరి వరసకు వెళ్ళి కూర్చుంది. రొట్టె పళ్ళెం ఆమె ముందుకు వచ్చి, ఆమె తల మీదుగా పక్కామెకు వెళ్ళిపోయింది. పాత్రా అంతే. మేమంతా ఆ రోజు దేన్ని తిన్నామో, దేన్ని తాగామో దేవుడికే తెలియాలి.

ఇంటికి వచ్చాక నాయన కోస్తా ఉత్తరం తీసి, నన్ను బుధవారం బండికి పంపిస్తానన్నాడు. ఆ ఆదివారం పేటలో దేవుని కుండలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అమ్మ మాత్రం సాయంత్రం ఎసట్లో జొన్నలు పోసేముందు, ఎప్పటిలాగే ఒక పిడికెడు తీసి కుండలో వేసింది.

“ఎవరికని వేస్తా ఉండావు?” అన్నాడు నాయన.

“దేవునికి. ఆ కుండ మీది కాదు” అంది అమ్మ.

మంగళవారం తెల్లారి అమ్మ ఆ కుండ గింజలన్నీ మూటకట్టి నా ముందు పెట్టింది. అక్షరం రాని మనిషి. సంఘకూడికలో ఏనాడూ నోరు తెరవని మనిషి. “చెయ్యెత్తితివి గదా,” అంది. “ఆ చేత్తోనే మోసుకుపో.”

దోర్నాలలో బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని నడిచాను. నేను గూడెం చేరేసరికి టీచరక్క పిల్లల మధ్య కింద కూర్చుని గడ్డలు తొక్క తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. నేను మూట దించి ఏడుస్తూ, “అక్కా, ఆ రోజు...” అన్నాను.

అరచెయ్యి తుడుచుకుంది. “ఎన్ని చేతులు లేసినాయో నేను చూడలా. నీది మాత్రం చూసినా. నొప్పి పుట్టలేదని చెప్పను.” తర్వాత పక్కనున్న పిల్లను నా వైపు తోసింది. “ఈమె పేరు అడుగు. వాళ్ళమ్మ పేరు అడుగు. తర్వాత ‘క’ రాయించు.”

నేను ఒక రోజుకని వెళ్ళి ఉండిపోయాను. నా ధైర్యమేం కాదది. మూడో నెలలో జ్వరమొచ్చి ఇంటికి పారిపోయాను కూడా. అమ్మ కషాయం పోసి, జ్వరం తగ్గగానే ఇంకో మూట కట్టింది. పదేళ్ళు ఆ ఒక్క ఇంటి గింజలూ, అడవి గడ్డలూ మా ఇద్దరినీ బతికించాయి.

ఆ పదేళ్ళూ ప్రతి బల్ల ఆదివారం ఆమె మార్కాపురం వచ్చింది. వాన పడినా, ఒళ్ళు కాలినా వచ్చింది. అదే చివరి వరస. పళ్ళెం తల మీదుగా వెళ్ళడం, ఆమె కళ్ళు మూసుకుని కూర్చోవడం. పిల్లలు దాన్ని కూడా ఆరాధన క్రమంలో భాగమనుకునేవాళ్ళు. “ఎందుకక్కా ఈ అవమానం? మనమే గూడెంలో రొట్టె విరుచుకుందాం” అని ఒకసారి గట్టిగా అరిచాను. “పెట్టేది పెట్టకపోయేది వాళ్ళిష్టం. కూర్చునేది నా ఇష్టం. నేను రాకపోతే వాళ్ళు చేసింది వాళ్ళు మర్చిపోతారు గదనే” అంది.

ఆమె క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ మాట ఆమె నోటి నుంచి వినలేదు. వాళ్ళు అడిగితే గదా చెప్పడానికి.

పోయిన నెల చలిజ్వరంతో గూడెంలోనే పోయింది. అంకన్న, గూడెంవాళ్ళు మంచం మీద దోర్నాల దాకా మోసుకొచ్చారు. మార్కాపురంలో సంఘమంతా వచ్చింది. పూలదండలు వచ్చాయి. పదేళ్ళు రొట్టెముక్క పెట్టని అయ్యగారు ఆమెను పరలోకపు విందులో కూర్చోబెట్టి ప్రార్థించారు. ఆ విందులో వడ్డన ఈయన చేతుల్లో లేదు గనక సరిపోయింది.

సమాధి దగ్గర పెట్టె దించడానికి తాళ్ళు వేశారు. మా నాయన, బాబాయి, ఇంకో ఇద్దరు పెద్దలు పట్టుకోవడానికి వంగారు. అంకన్న వచ్చి నాయన చేతిలోని తాడు మీద తన చెయ్యి వేశాడు.

“ఇది మేం పట్టుకుంటామయ్యా.”

“మేమంతా ఉండాం గదా అంకన్నా. మా సంఘం మనిషి.”

“మీరు ఒగసారి వదిలినారు” అన్నాడు అంకన్న. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు.

నాయన తాడు వదిలి పక్కకు జరిగాడు. తక్కిన ముగ్గురూ కూడా. నలుగురు చెంచులు ఆమెను కుదుపు లేకుండా, కొండ అంచున సొంత అక్కమొగుణ్ణి దించినట్టు, నేల తగిలేదాకా దించారు. తాడు పైకి లాగాక కూడా అంకన్న కాసేపు దాన్ని చుట్టకుండా పట్టుకునే నిలబడ్డాడు.

రేపు ఆదివారం. బాబాయి తన అర పేజీకి వస్తాడు. రెండే వాక్యాలు రాసి ఉంచాను: ‘ఈమెను పదేళ్ళు మేము బల్లకు దూరం పెట్టాము. ఎత్తిన చేతుల్లో నాది ఒకటి.’ మిగతా కాగితం ఖాళీగా వదిలాను. చేతులెత్తిన తక్కినవాళ్ళు సంతకాలు పెట్టడానికి చోటు కావాలి.